ఘాటు రోడ్డులో బుస్సుమనే శబ్దం: టర్బో పోయిందా, గాలి పైపు పగిలిందా?

ప్రశ్న: మాది చోడవరం. పాడేరు దగ్గర ఒక పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. వారంలో రెండు మూడుసార్లు ఘాటు రోడ్డు మీదుగా నా కారులోనే వెళ్లివస్తుంటాను. 2014లో కొన్న 1.3 లీటర్ల డీజిల్ కారు, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. నెల క్రితం సర్వీసు చేయించినప్పుడు ఇంజిన్ ఆయిలు, ఎయిర్ ఫిల్టరు మార్చారు. ఆ తరువాత కొద్ది రోజులకే, ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే బానెట్ లోపలి నుంచి బుస్సుమంటూ, దాని వెంట సన్నని ఈల లాంటి శబ్దం రావడం మొదలైంది. కాలు తీస్తే వెంటనే ఆగిపోతుంది. పికప్ తగ్గింది. వెనక నల్లపొగ వస్తోందని తోటి ఉపాధ్యాయులు చెప్పారు. ఆయిలు మాత్రం తగ్గడం లేదు. మా మెకానిక్ షెడ్డులో బండిని నిలబెట్టి, రేజ్ చేసి విని, టర్బో పోయింది, మార్చడానికి నలభై వేల దాకా అవుతుంది అన్నాడు. మార్చేయమంటారా? అంతవరకు ఘాటు ఎక్కవచ్చా?

సమాధానం: ఇప్పుడే మార్చవద్దు. మీ ఉత్తరంలో రాసిన లక్షణాలను కలిపి చూస్తే, టర్బో నుంచి ఇంజిన్‌కు గాలిని తీసుకువెళ్లే పైపుల్లో ఎక్కడో గాలి బయటకు పోతోందన్న అనుమానమే బలంగా కలుగుతోంది. కారును చూడకుండా ఇదే తప్పు అని తేల్చి చెప్పడం సరికాదు గనుక, ఈ అనుమానాన్ని తక్కువ ఖర్చుతో నిర్ధారించుకునే మార్గాన్ని వివరంగా రాస్తాను. ఆ పరీక్షలు పూర్తయ్యేదాకా నలభై వేల మాట పక్కన పెట్టండి. శబ్దం విన్న వెంటనే టర్బో మార్చడం, మార్చాక కూడా అదే శబ్దం రావడం మన షెడ్లలో తరచుగా జరుగుతున్నదే. అందులో నష్టపోయేది కారు యజమానే కాబట్టి ఈ విషయంలో నేను కొంచెం గట్టిగా చెబుతున్నాను.

ముందుగా టర్బో చేసే పని క్లుప్తంగా చెప్పుకుందాం. ఇంజిన్ నుంచి బయటకు పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టుకు రెండో చివర ఉన్న మరో చక్రం ఎయిర్ ఫిల్టరు నుంచి గాలిని లాక్కుని, నొక్కి, ఒత్తిడితో ముందుకు పంపుతుంది. నొక్కినప్పుడు వేడెక్కిన ఆ గాలి ఇంటర్‌కూలర్‌లో చల్లబడి ఇంజిన్‌లోకి చేరుతుంది. ఇంత చిన్న ఇంజిన్లకు అమర్చే టర్బోలు పూర్తి భారం మీద నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరుగుతాయి. ఆ వేగంలో షాఫ్టును మోసేది ఇంజిన్ ఆయిలుతో ఏర్పడే పలుచని పొర మాత్రమే. అంత వేగంతో తిరిగే వస్తువు పూర్తిగా నిశ్శబ్దంగా ఉండటం సాధ్యం కాదు. ఆరోగ్యంగా ఉన్న టర్బో కూడా లోడు పడినప్పుడు సన్నగా ఈల వేస్తుంది. అందువల్ల ఈల ఉందా లేదా అన్నది మనకు ప్రశ్న కాదు. కొత్తగా మొదలైందా, పెరిగిందా, ఏ పరిస్థితిలో వస్తోంది, దాని వెంట పొగ ఏ రంగులో వస్తోంది, ఆయిలు తగ్గుతోందా అన్నవే ప్రశ్నలు. వీటన్నిటికీ మీరు ఉత్తరంలోనే సమాధానాలు ఇచ్చారు.

యాక్సిలరేటర్ నొక్కినప్పుడే బుస్సుమనడం, కాలు తీయగానే ఆగిపోవడం అంటే, పైపుల్లో ఒత్తిడి పెరిగినప్పుడే శబ్దం పుడుతోంది, ఒత్తిడి పడిపోగానే అదీ పోతోంది. రబ్బరు పైపు మీద ఉన్న చీలిక ఇంజిన్ ఆపి చూస్తే మూసుకుపోయి గీతలా కూడా కనిపించకపోవచ్చు. లోపల ఒత్తిడి పెరిగితే పెదవుల్లా తెరుచుకుంటుంది. నల్లపొగ దీనికి రెండో సాక్ష్యం. ఇంజిన్ తనకు అందుతుందనుకున్న గాలికి తగినంత డీజిల్ చల్లుతుంది గాని, అందులో కొంత గాలి దారిలోనే కారిపోవడం వల్ల ఆ డీజిల్ పూర్తిగా కాలక నల్లటి మసిగా బయటకు వస్తుంది. పికప్ తగ్గడానికి కారణమూ అదే. టర్బో లోపలి సీళ్లు పోయి ఉంటే పొగ నీలంగా ఉండేది, డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం పడిపోతుండేది. మీ కారులో ఆ రెండూ లేవు. ఇక సర్వీసు అయిన కొద్ది రోజులకే మొదలవడం అన్నిటికన్నా ముఖ్యమైన సూచన. ఫిల్టరు మార్చేటప్పుడు చుట్టుపక్కల పైపులను కదిలించి ఉంటారు. పదేళ్లు దాటిన రబ్బరు వేడికి గట్టిపడి ఉంటుంది కాబట్టి కాస్త వంచినా పగలవచ్చు, లేదా తిరిగి బిగించిన క్లాంపు సరిగా కూర్చోకపోవచ్చు.

మీ మెకానిక్ షెడ్డులో నిలబెట్టి రేజ్ చేసి విన్నాడని రాశారు. నిర్ధారణ అక్కడే దారి తప్పిందని నా అభిప్రాయం. డీజిల్ బండిని న్యూట్రల్‌లో ఎంత రేజ్ చేసినా ఇంజిన్ మీద భారం ఉండదు కాబట్టి తక్కువ డీజిలే మండుతుంది, పొగలో వేడీ తక్కువే, టర్బో ఒత్తిడి నామమాత్రంగానే పెరుగుతుంది. ఘాటు మీద మూడో గేరులో నిండుగా నొక్కినప్పుడు పైపుల్లో ఉండే ఒత్తిడిలో చిన్న భాగం మాత్రమే అక్కడ ఏర్పడుతుంది. అందువల్ల షెడ్డులో మీ బుస్సుమనే శబ్దం అతనికి వినిపించకపోయి ఉండవచ్చు. వినిపించినది టర్బో సహజంగా వేసే ఈల అయివుండవచ్చు. ఈ శబ్దాన్ని పరీక్షించవలసింది రోడ్డు మీద, ఎత్తు ఎక్కుతూ, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకునే. ఇందుకు పాడేరు ఘాటు దాకా వెళ్లనవసరం లేదు. వాహనాలు తక్కువగా తిరిగే చిన్న ఎత్తు చాలు. అద్దాలు సగం దించి, మూడో గేరులో ఇంజిన్ నిమిషానికి 1,500 చుట్ల దగ్గర నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి 3,000 దాకా పోనివ్వండి. రోడ్డు పక్కన గోడ ఉంటే శబ్దం దానికి తగిలి ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

అదే ప్రయాణంలో స్కానర్ (కారు కంప్యూటరులోని అంకెలు చూపించే పరికరం) తగిలించి రీడింగు చూడమనండి. మీకు తిరుగులేని ఆధారం ఇచ్చేది ఈ పరీక్షే. కంప్యూటరు కోరుతున్న ఒత్తిడి ఎంత, నిజంగా అందుతున్న ఒత్తిడి ఎంత అన్న రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తాయి. మైదానంలో, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఆ అంకె వాతావరణ పీడనానికి దగ్గరగా, అంటే సుమారు 100 కిలోపాస్కల్ ఉండాలి. పూర్తి భారం మీద మీ కారు లాంటి వాటిలో అది సాధారణంగా 200 దాటుతుంది. కోరినది 220 ఉండి, అందుతున్నది 160 దగ్గరే ఆగిపోతుంటే గాలి కారుతోందని గాని, టర్బో సరిపడా తిరగడం లేదని గాని అర్థం. బుస్సుమనే శబ్దం కూడా వస్తుంటే మొదటిదానికే అవకాశం ఎక్కువ. కంప్యూటరులో పీ 0299 అన్న కోడు నమోదై ఉండవచ్చు. ఒత్తిడి తక్కువగా ఉందని మాత్రమే ఆ కోడు చెబుతుంది. టర్బో పోయిందని చెప్పదు. ఆ కోడు చూపించి టర్బో మార్చాలంటే ఒప్పుకోకండి.

తరువాత చేయవలసింది కారుతున్న చోటును వెతకడం. ఇంజిన్ చల్లారాక టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే పైపును, అక్కడి నుంచి ఇంజిన్‌కు వచ్చే పైపును వేళ్లతో తడిమి, వంచి, ముఖ్యంగా కింది వైపు చూడాలి. పైపు ఏదైనా ఇనుప బ్రాకెట్‌కో, ఫ్యాను కవరుకో రాసుకుంటున్న చోట అరుగుదల ఉంటుంది. గాలితో పాటు కొద్దిపాటి ఆయిలు తుంపర ఎప్పుడూ ఈ పైపుల్లో ప్రయాణిస్తుంది కనుక, చీలిక ఉన్న చోట బయటివైపు జిడ్డు, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి మరక కనిపిస్తుంది. చాలాసార్లు ఆ మరకే చోటు చూపించేస్తుంది. కనిపించకపోతే ఫిల్టరు వైపు పైపు చివర బిరడా లాంటిది బిగించి, టైర్లలో గాలి నింపే కంప్రెసరు నుంచి సగం బారు, మించితే ఒక బారు (బారు ఒత్తిడి కొలత, సుమారు 100 కిలోపాస్కల్) ఒత్తిడితో గాలి పంపి, పైపుల మీద, ఇంటర్‌కూలర్ మీద సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వచ్చే చోట కారుతున్నట్టు. ఒత్తిడి అంతకన్నా పెంచితే బాగున్న సీళ్లు కూడా దెబ్బతినవచ్చు. గేజీ చూడకుండా గాలి కొట్టే వారిని ఆపండి. పొగ పంపి వెతికే యంత్రం ఉన్న షెడ్డు విశాఖపట్నంలో దొరికితే పని ఇంకా సులువవుతుంది. ఇంటర్‌కూలర్ ముందు బంపరు వెనకాల ఉండే బండ్లలో రాళ్లు తగిలి దానికే చిల్లు పడుతుంది గనుక దానిని వదిలేయవద్దు.

ఫిల్టరు పెట్టె సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఫిల్టరుకు, టర్బోకు మధ్య ఉన్న పైపులో ఒత్తిడి ఉండదు, పీల్పు ఉంటుంది. అక్కడ పైపు ఊడినా, పెట్టె క్లిప్పులు సరిగా పడకపోయినా పికప్ పెద్దగా తగ్గదు. టర్బో ఈల మాత్రం మూత తీసినట్టు ఒక్కసారిగా పెద్దదవుతుంది. మీరు విన్న రెండు శబ్దాల్లో సన్నని ఈల దీనివల్లే వచ్చి ఉండవచ్చు, బుస్సుమనడం వేరే చోట నుంచి వచ్చి ఉండవచ్చు. ఈ లోపాన్ని తేలిగ్గా తీసుకోవడం ప్రమాదకరం. వడపోత లేకుండా లోపలికి వెళ్లే రోడ్డు దుమ్ము టర్బో రెక్కల అంచులను ఇసుక కాగితంలా అరగదీస్తుంది, తరువాత సిలిండర్లనూ పాడు చేస్తుంది. ఈరోజే బానెట్ తెరిచి పెట్టె నాలుగు వైపులా సమంగా మూసుకుందో లేదో, క్లిప్పులన్నీ పడ్డాయో లేదో మీరే చూడవచ్చు. దీనికి పనిముట్లు అక్కరలేదు.

ఇక టర్బోయే పాడైతే ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి, ఎందుకంటే రెండు శబ్దాలకూ తేడా తెలిస్తే ఎవరూ మిమ్మల్ని కంగారు పెట్టలేరు. బేరింగు అరిగి, షాఫ్టు సమతూకం తప్పినప్పుడు వచ్చేది బుస్సుమనే గాలి శబ్దం కాదు. అంబులెన్సు సైరన్ లాగా, ఇంజిన్ వేగంతో పాటు పైకి లేచి కిందికి దిగే గట్టి కూత అది. కాలు తీశాక కూడా టర్బో నెమ్మదించే దాకా సాగుతూ తగ్గుతుంది. రెక్కలు గోడకు తగలడం మొదలైతే ఆ కూతలో లోహం గీసుకుంటున్న కరకర కలుస్తుంది. కొంతసేపు ఐడిల్‌లో ఉంచి రేజ్ చేస్తే నీలిపొగ గుప్పున వస్తుంది.

షాఫ్టును స్వయంగా చూసి నిర్ధారించుకోవడం కష్టం కాదు. ఇంజిన్ పూర్తిగా ఆపి, చల్లారాక, టర్బోకు గాలి వచ్చే పైపు ఊడదీస్తే లోపల చక్రం, దాని మధ్యలో చిన్న నట్టు కనిపిస్తాయి. ఆ నట్టును వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపితే కొద్దిగా కదలడం సహజం. ఆయిలు పొర పట్టడానికి ఉంచిన ఖాళీ అది, ఇంజిన్ నడిచేటప్పుడు ఆయిలుతో నిండుతుంది. దానిని చూపించి "షాఫ్టు ఆడుతోంది, టర్బో పోయింది" అనే మెకానిక్‌లు ఉన్నారు. మీరు చూడవలసినవి వేరు: పక్కకు నొక్కి తిప్పినప్పుడు రెక్కలు గోడకు తగులుతున్నాయా, నట్టును ముందుకు వెనక్కు లాగితే చేతికి తెలిసేంత కదలిక ఉందా, రెక్కల అంచులు విరిగాయా, లోపలి గోడ మీద గుండ్రని గీతలు ఉన్నాయా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా టర్బో విప్పవలసిందే. ఏదీ లేక, చక్రం వేలితో తోస్తే తేలికగా తిరుగుతుంటే మీ టర్బోకు ఆయుష్షు ఉంది. పైపులో పలుచని జిడ్డు ఉంటే భయపడవద్దు. ఆయిలు మడుగులా నిలిచి ఉంటేనే ఆలోచించాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు తాళం చెవిని మీ చేతిలో ఉంచుకోండి. ఇంజిన్ నడుస్తుండగా తెరిచి ఉన్న టర్బో దగ్గరకు వేలు గాని, గుడ్డ ముక్క గాని పోకూడదు.

తప్పు టర్బోది కాకపోయినా దాని మీదికి నెట్టేసే శబ్దాలు మరికొన్ని ఉన్నాయి. ఇంజిన్‌కు, టర్బోకు మధ్య గ్యాస్కెట్ పోతే చల్లని ఇంజిన్‌లో టిక్‌టిక్‌మని వినిపించి, వేడెక్కి లోహం వ్యాకోచించాక తగ్గుతుంది. ఆ చోట మసి అంటుకుని ఉంటుంది. కారు లోపల పొగ వాసన వస్తుంటే మాత్రం అద్దాలు దించుకుని వెంటనే బాగు చేయించాలి, అందులోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. ఒక నిర్దిష్ట వేగం దగ్గరే గలగలమంటే వేస్ట్‌గేటు (ఎక్కువైన పొగను టర్బో చక్రానికి తగలకుండా పక్కకు మళ్లించే ద్వారం) తలుపు కీలు గాని, వేడి తగలకుండా పెట్టే రేకు గాని వదులై ఉంటుంది. ఆల్టర్నేటర్, బెల్టు టెన్షనర్ బేరింగులు కూడా కూతపెడతాయి, కానీ అవి ఎత్తు ఎక్కినా, దిగినా, నిలబడి రేజ్ చేసినా ఒకేలా వినిపిస్తాయి. లోడుతో వాటికి సంబంధం ఉండదు. మీ 1.3 లీటర్ల ఇంజిన్ 75 హార్స్‌పవర్ రకమైతే టర్బోలో కదిలే పలకలు ఉండవు. 90 హార్స్‌పవర్ రకమైతే ఆ పలకలున్న, మెకానిక్‌లు వీజీటీ అని పిలిచే టర్బో ఉంటుంది. అందులో మసి పట్టి పలకలు బిగుసుకుంటే ఒత్తిడి తగ్గినా, ఒకోసారి హద్దు మీరినా శుభ్రం చేయడంతో సరిపోవచ్చు.

అంతవరకు ఘాటు ఎక్కవచ్చా అన్నారు. వీలైతే ఎక్కవద్దు, పైపు బాగు చేయించేదాకా బస్సులో వెళ్లండి. కారణం చెబుతాను. గాలి కారుతున్నప్పుడు కోరిన ఒత్తిడి అందించడానికి టర్బో మామూలు కన్నా వేగంగా తిరగవలసి వస్తుంది. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పీడనం 91 కిలోపాస్కల్ దగ్గరకు పడిపోతుంది, కాబట్టి పైకి వెళ్లే కొద్దీ టర్బో మీద ఆ భారం మరింత పెరుగుతుంది. చిన్న పైపుతో పోయే లోపం నెలల తరబడి వదిలేస్తే నిజంగానే టర్బోను మింగేసే మార్గం ఇదే. తప్పనిసరై వెళ్లవలసి వస్తే యాక్సిలరేటర్ సగానికి మించి నొక్కకుండా, తక్కువ గేరులో, మీ వేగంతో మీరు వెళ్లండి. వెనక వచ్చేవారికి దారి ఇవ్వండి.

సైరన్ లాంటి కూత మొదలైనా, నీలిపొగ వచ్చినా, ఆయిలు దీపం వెలిగినా మాత్రం ఒక్క కిలోమీటరు కూడా ముందుకు పోకండి. మలుపులో ఇంజిన్ ఆపేస్తే స్టీరింగు, బ్రేకు బరువెక్కుతాయి కనుక, సురక్షితమైన వెడల్పు చోటుకు చేరి నిలిపాకే తాళం తిప్పండి. టర్బో సీళ్లు పూర్తిగా పోతే డీజిల్ ఇంజిన్ తన ఆయిలునే మండించుకుంటూ, తాళం తీసినా ఆగకుండా పిచ్చివేగంతో తిరిగే ప్రమాదం ఒకటుంది. అరుదైనదే అయినా మీ దారి ఘాటు కాబట్టి తెలిసి ఉండాలి. అలా జరిగితే ఫుట్‌బ్రేకు బలంగా నొక్కిపట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఐదో గేరు వేసి క్లచ్ ఒక్కసారిగా వదిలేయండి. ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. బానెట్ తెరిచి చేయి పెట్టే ప్రయత్నం చేయవద్దు.

పరీక్షలన్నీ అయ్యాక టర్బో మార్చక తప్పదని తేలిందనుకోండి. అప్పుడు మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, పాతది ఎందుకు పోయింది అని. టర్బో తనంతట తాను పోవడం తక్కువ. ఆయిలు ఆలస్యంగా మార్చడం వల్లనో, టర్బోకు ఆయిలు తెచ్చే సన్నని పైపులో బొగ్గు పేరుకోవడం వల్లనో బేరింగుకు ఆయిలు అందక పోతుంది. ఇంజిన్ లోపలి ఆవిరిని బయటకు వదిలే బ్రీదర్ గాని, ఆయిలు తిరిగి వెళ్లే పైపు గాని మూసుకుపోతే సీళ్లు బాగున్నా ఆయిలు గాలి పైపులోకి తన్నుతుంది. ఈ కారణాన్ని సరిచేయకుండా కొత్తది బిగిస్తే అదీ అదే దారి పడుతుంది. కాబట్టి ఆయిలు పైపు కొత్తది వేయడం, ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఆయిలు కడిగించడం, కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిలు, కొత్త ఫిల్టరు వేయడం, స్టార్టు చేసే ముందు టర్బోలో కొంత ఆయిలు పోయడం, స్టార్టయ్యాక కొన్ని నిమిషాలు రేజ్ చేయకుండా ఐడిల్‌లో ఉంచడం, ఇవన్నీ ఆ పనిలో భాగమేనని ముందే మాట్లాడుకోండి. మొత్తం టర్బోకు బదులు లోపలి కోర్ (చక్రాలు, షాఫ్టు, బేరింగులు ఉన్న మధ్య భాగం) మాత్రమే మార్చితే ఖర్చు తగ్గుతుంది, అందులో తప్పు లేదు. అయితే దాని సమతూకాన్ని యంత్రం మీద సరిచేశారా అని అడిగి, ఆ కాగితం చూపించమనండి. సమతూకం చూడకుండా చేత్తో బిగించిన కోర్ కొత్తగా ఉన్నప్పుడే సైరన్ కూత పెడుతుంది, ఎక్కువ కాలం నిలవదు.

పైపు మార్చినా, టర్బో మార్చినా, డబ్బు ఇచ్చే ముందు అదే ఎత్తు మీద, అదే మూడో గేరులో, స్కానర్‌తో మరోసారి నడిపించండి. కోరిన ఒత్తిడి, అందిన ఒత్తిడి దాదాపు కలిసి నడవాలి, బుస్సుమనే శబ్దం పూర్తిగా పోవాలి. ఆ తరువాత ఘాటు ఎక్కి పాఠశాలకు చేరినప్పుడు ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. ఎత్తు ఎక్కినప్పుడు టర్బోను తాకే పొగ 700 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. చప్పున ఆపితే ఆయిలు ప్రవాహం నిలిచిపోయి, బేరింగులో మిగిలిన ఆయిలు ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. స్కానర్ అంకెలు, పైపు పరీక్షలో తేలిన విషయం నాకు రాసి పంపితే, ఇంకా ఏదైనా మిగిలి ఉంటే వాటిని బట్టి చెబుతాను.